పోటీతత్వం అని రాసి చేతులు దులుపుకోవద్దు

ఒక మనిషి స్వభావం గురించి రాయాల్సి వచ్చి, ఏ మాట వాడాలో తోచనప్పుడు మనవాళ్ళు 'పోటీతత్వం' అని రాసేస్తారు. ఉద్యోగ దరఖాస్తుల్లో ఉంటుంది, బడిపిల్లల ప్రగతి నివేదికల్లో ఉంటుంది, సన్మానపత్రాల్లో ఉంటుంది. ఆటగాళ్ళ మీద రాసే వ్యాసాల్లో అయితే రెండు పేరాలకొకసారి కాలికి తగులుతుంది. ఇతరులు రాసినదాన్ని దిద్దడం నా పని. నేను తరచుగా కొట్టేసే మాటల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. కొట్టేసినప్పుడల్లా రాసినవాళ్ళు అడిగేది ఒకటే: "తప్పేముందండీ? మంచి మాటే కదా?"

తప్పని నేననను. బోలు మాట అంటాను. తెల్లవారకముందే లేచి, నిన్నటి తన సమయాన్ని దాటాలని పరుగెత్తే అమ్మాయికీ ఇదే మాట. తోటి ఉద్యోగికి దక్కిన మెప్పు తలచుకుని రాత్రంతా పక్క మీద దొర్లేవాడికీ ఇదే మాట. ఓడిపోగానే చదరంగం బల్ల తన్నేసేవాడికీ ఇదే మాట. ముగ్గురినీ ఒకే గాటన కట్టేస్తే వాళ్ళలో ఏ ఒక్కరి గురించీ చదివేవాడికి ఏమీ తెలియదు. పైగా 'తత్వం' అనే తోక తగిలించేసరికి దానికి లేని పెద్దరికం వచ్చిపడింది. పోనీ, తెలుగులో మాటలు లేక ఈ పని చేస్తున్నామా? పట్టుదల, పంతం, కసి, రోషం, పౌరుషం, ఉక్రోషం, ఈర్ష్య, మాత్సర్యం, దూకుడు, మొండితనం, జిగీష... ఇల్లంతా సామాను పెట్టుకుని అద్దెకు తెచ్చుకున్నట్టుంది మన వ్యవహారం.

ఏ మాట ఎవరికి నప్పుతుందో తేల్చుకోవడానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. ఎదుటివాడు పోటీ నుంచి తప్పుకున్నాడని ఊహించాలి. గాయమైంది, వేరే ఉద్యోగంలోకి వెళ్ళిపోయాడు, ఆట మానేశాడు, ఏదైనా సరే. ఇప్పుడు మనవాడు ఏం చేస్తాడు? ఎప్పటిలాగే తన పని తాను చేసుకుపోతే అతనిది పట్టుదల. అంతవరకూ ప్రాణం పెట్టిన పనిని ఎక్కడిదక్కడ వదిలేస్తే పంతం. లోలోపల హమ్మయ్య అనుకుంటే ఈర్ష్య. వెలితిగా తోచి, వాడు లేని ఆట ఆటేనా అనుకుంటే, దానికి 'స్పర్ధ' అనే చక్కని మాట ఒకప్పుడు ఉండేది. 'మనస్పర్ధలు' వచ్చి దాన్ని పాడుచేశాయి. స్పర్ధ అనగానే ఇప్పుడు మనకు భార్యాభర్తల గొడవలూ పార్టీలో వర్గాల కీచులాటలూ గుర్తుకొస్తున్నాయి. అందువల్లే 'ఆరోగ్యకరమైన పోటీ' అని ఓ విశేషణాన్ని ఊతకర్రలా పట్టుకుని నడుస్తున్నాం. ఊతకర్ర లేకుండా నడవలేని మాటకు ఆరోగ్యం ఏపాటిదో చెప్పనక్కర్లేదు.

స్పర్ధకు అసలు అర్థం ఎలా ఉంటుందో చూడాలంటే 2022 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన లేవర్ కప్ టెన్నిస్ చూడాలి. రోజర్ ఫెదరర్‌కు అది చివరి మ్యాచ్. రఫెల్ నాదల్‌తో జట్టు కట్టి డబుల్స్ ఆడాడు, ఓడిపోయాడు. అంతకుముందు ఇద్దరూ ఎదురెదురుగా ఆడిన మ్యాచ్‌లు 40. వాటిలో నాదల్ 24 గెలిచాడు, ఫెదరర్ 16. లెక్క ప్రకారం, తన దారికి ఇన్నేళ్ళు అడ్డుపడిన మనిషి వెళ్ళిపోతుంటే నాదల్‌కు సంబరంగా ఉండాలి. అతను పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మార్టినా నవ్రతిలోవా, క్రిస్ ఎవర్ట్ కథా ఇలాంటిదే. 1973 నుంచి 1988 దాకా 80 సార్లు తలపడ్డారు. నవ్రతిలోవా 43, ఎవర్ట్ 37. ఆ తరువాత ఇద్దరికీ క్యాన్సర్ వచ్చినప్పుడు ఒకరికొకరు తోడుగా నిలిచారు. వీళ్ళకు గెలవాలన్న కోరిక తక్కువని ఎవరైనా అంటే నవ్వుకుంటాం. కానీ వీళ్ళ గురించి 'పోటీతత్వం మెండుగా ఉన్నవారు' అని రాస్తే, ఆ కన్నీళ్ళకు వాక్యంలో చోటే ఉండదు.

పట్టుదల, పంతం అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. పత్రికల్లో ఒకదాని బదులు మరొకటి వాడటం చూస్తూనే ఉన్నాం. అయితే వాటి వెంట ఏ క్రియలు నడుస్తాయో గమనిస్తే గుట్టు బయటపడుతుంది. పట్టుదలతో చదువుతాం, పట్టుదలతో నేర్చుకుంటాం. అది పనికి తోడుగా వచ్చే గుణం. అదే పంతం అయితే, పంతం పడతాం, పంతానికి పోతాం, పంతం నెగ్గించుకుంటాం. 'పోతాం' అనడంలోనే ఉంది, మనం ఉండాల్సిన చోటు వదిలి ఎటో వెళ్ళిపోతున్నామని. నెగ్గించుకోవడానికి ఎదురుగా ఓడేవాడొకడు కావాలి. పట్టుదలకు ఎవరూ ఓడనక్కర్లేదు. పంతం మితం దాటితే వచ్చే స్థితిని 'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు' అనే సామెత ఏనాడో చెప్పేసింది. ఆ సామెతలో మనిషికి కుందేలు అక్కర్లేదు, కాళ్ళూ అక్కర్లేదు. తన మాట కావాలి.

ఇదే కుటుంబంలోంచి వచ్చిన 'పట్టువిడుపులు' అనే మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గెలవాలనే స్వభావం ఉన్న మనిషిని మెచ్చుకోవడానికి తెలుగులో ఇంతకు మించిన మాట లేదనుకుంటాను. పట్టు ఎక్కడ బిగించాలో తెలియడం సగం. ఎక్కడ వదలాలో తెలియడం మిగతా సగం. ఉద్యోగాలకు మనుషులను ఎంచుకునేవాళ్ళు నిజంగా వెతికేది ఈ గుణాన్నే. ప్రకటనలో మాత్రం 'పోటీతత్వం గల అభ్యర్థులు' అని వేస్తారు. వచ్చినవాళ్ళు కార్యాలయంలో ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటే ఆశ్చర్యపోతారు.

కసి సంగతి వేరు. ఇది చాలాకాలం చెడ్డమాటగానే బతికింది. కసి తీర్చుకోవడం అంటే పగ తీర్చుకోవడమే. ఎప్పుడు మొదలైందో గానీ 'కసిగా చదివాడు', 'కసిగా ఆడాడు' అనడం మెప్పుగా మారిపోయింది. నాకు ఈ మార్పు మీద పెద్దగా ఫిర్యాదు లేదు. ఎవరో చిన్నచూపు చూశారనో, పనికిరావన్నారనో మండిపడి చదివిన పిల్లవాడికి కసి అన్న మాటే సరిపోతుంది. ఆ మంటకు మరో పేరు పెడితే అబద్ధమవుతుంది. అయితే కసికి ఇంధనం గాయం. గాయం మానిపోతే అది ఆరిపోతుంది, లేదా ఆరకుండా ఉండటానికి మనిషి తన గాయాన్ని తానే కెలుక్కుంటూ ఉంటాడు. 'కసి ఉన్నవాడే పైకొస్తాడు' అని పిల్లలకు నూరిపోసే పెద్దలు ఈ రెండో భాగం చెప్పరు. రోషం ఇంతకన్నా మర్యాద గల మాట. అవమానం జరిగితేనే లేస్తుంది, దానికి జవాబు చెప్పుకుని పడుకుంటుంది. ఊరికే అందరి మీదా రోషపడేవాణ్ణి మనం రోషగాడు అనము, కోపిష్ఠి అంటాం.

ఇక 'పోటీ' అనే మూలపదం దగ్గరికే వస్తే, దాని వెంట వచ్చే క్రియను బట్టి మనిషి బొమ్మే మారిపోతుంది. ఎన్నికల్లో పోటీ చేస్తారు, పోటీ పడరు. పోటీ చేయడం ఒక్కడు చేసే పని, నామినేషన్ వేస్తే చాలు. పోటీ పడటానికి ఇద్దరు కావాలి. 'పోటాపోటీగా' అంటే ఇద్దరూ సమానంగా ఉన్నారన్న ఒప్పుకోలు అందులోనే ఉంది. 'పోటీకి రావడం' మాత్రం నింద. "నాతో పోటీకి వస్తావా?" అన్నవాడు, ఎదుటివాడికి ఆ అర్హత లేదని ముందే తీర్పు చెప్పేశాడు. 'పోటీగా సభ పెట్టారు' అన్నప్పుడు ఆ సభ సొంత కారణం కోసం పెట్టింది కాదని తెలిసిపోతుంది. ఒక్క మాట చుట్టూ ఇన్ని సూక్ష్మాలు పెంచుకున్న భాష మనది. పోటీతత్వం అనేసరికి చేసేవాడూ, పడేవాడూ, వచ్చేవాడూ, పెట్టేవాడూ అందరూ కలిసిపోతారు. పత్రికలవాళ్ళు ఈ లోటును కుస్తీ మాటలతో పూడుస్తారు. బరిలోకి దిగారు, గోదాలోకి దూకారు, తొడగొట్టారు, కాలు దువ్వారు. ఇద్దరు మనుషులు నోరెత్తకుండా గంటల తరబడి కూర్చుని ఆడే చదరంగానికి కూడా తొడగొట్టడమే.

ఈర్ష్య, అసూయ, మాత్సర్యం. ఈ మూడింటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పోటీతత్వం అనే దుప్పటి కింద ఎక్కువగా ముసుగుతన్ని పడుకునేవి ఇవే. మనం వీటిని ఒకే అర్థంలో వాడేస్తాం. సంస్కృత నిఘంటువు అమరకోశం అలా వాడలేదు. ఈర్ష్యకు అర్థం 'అక్షాంతి' అని చెప్పింది, ఓర్చుకోలేకపోవడం. తెలుగులో ఓర్వలేనితనం అని మనం అనేది అచ్చంగా అదే. అసూయకు మాత్రం, గుణాల్లో సైతం దోషాన్ని ఆరోపించడం అని వేరే నిర్వచనం ఇచ్చింది. ఈ తేడా ఎంత అవసరమో నిత్యం మనుషుల మధ్య తిరిగేవాళ్ళకు తెలుస్తుంది. పక్కింటివాళ్ళ అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిందని విని ముఖం మాడ్చుకుంటే ఈర్ష్య. "ఆ, ఈసారి ప్రశ్నపత్రం తేలిగ్గా వచ్చిందట" అంటే అసూయ. మొదటివాడు బాధపడుతున్నాడు, అంతే. రెండోవాడు పని మొదలుపెట్టాడు. మాత్సర్యం వీటికన్నా లోతైనది, అరిషడ్వర్గంలో చిట్టచివర చోటు దక్కించుకున్నది. కామక్రోధాలు కంటికి కనిపిస్తాయి గనుక పట్టుకోవచ్చు. మాత్సర్యం చిరునవ్వు నవ్వుతూ అభినందనలు కూడా చెబుతుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఓ గొప్పవాడిదే. కలనగణితాన్ని (కాలిక్యులస్) న్యూటన్, లైబ్నిట్జ్ ఎవరికి వారు కనిపెట్టారని ఇప్పుడందరూ ఒప్పుకుంటారు. లైబ్నిట్జ్ తన పద్ధతిని 1684లో ప్రచురించాడు. న్యూటన్ అంతకన్నా ముందే కనిపెట్టినా ప్రచురించలేదు. ఎవరు ముందు అన్న గొడవ ముదిరి, 1712లో లండన్ రాయల్ సొసైటీ విచారణకు ఒక సంఘాన్ని వేసింది. అప్పుడు ఆ సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. నివేదిక న్యూటన్‌కు అనుకూలంగా వచ్చింది. రావడంలో వింతేముంది, అందులో ఎక్కువ భాగం రాసింది ఆయనే. పేరు లేకుండా రాశాడు. ఆ తరువాత ఆ నివేదిక మీద సమీక్ష కూడా పేరు లేకుండా తానే రాసుకున్నాడు. లైబ్నిట్జ్ 1716లో కన్నుమూశాక సైతం న్యూటన్ ఆ విషయాన్ని వదల్లేదు. ప్రత్యర్థి తప్పుకున్నా చల్లారని మంట అది. నా పరీక్షలో ఈర్ష్య పడేవాడు హమ్మయ్య అనుకుంటాడని చెప్పాను కదా, మాత్సర్యానికి ఆ ఊరట కూడా ఉండదు.

దీని పక్కన 1858 నాటి సంగతి పెట్టి చూడండి. జీవపరిణామం గురించి డార్విన్ ఇరవై ఏళ్ళుగా మనసులో నానబెట్టుకున్న ఆలోచననే రాసి, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే యువకుడు ఎక్కడో తూర్పు దీవుల నుంచి ఆయనకే పంపాడు. డార్విన్ కుదేలయ్యాడు. చివరికి మిత్రులు కల్పించుకుని, 1858 జులై 1న లండన్ లినియన్ సొసైటీలో ఇద్దరి రచనలనూ కలిపి చదివించారు. దూరాన ఉన్న వాలెస్‌ను ఎవరూ అడగలేదు కూడా. ఆయన అలగడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అలగలేదు సరికదా, 1889లో తాను రాసిన పుస్తకానికి డార్వినిజం అని పేరు పెట్టాడు. న్యూటన్‌కు ఎదురైన చిక్కే వీళ్ళకూ ఎదురైంది. ముందు నేనంటే నేననే ఆరాటం డార్విన్‌లోనూ ఉంది, తన ఉత్తరాల్లో దాచుకోలేదు కూడా. ఆ ఆరాటాన్ని ఆరాటం అనే అందాం. ఆయన బుర్రను తొలిచింది అదే. న్యూటన్‌ను నడిపించినదాన్ని మాత్రం ఆరాటం అంటే కుదరదు.

వాదనల్లోని పోటీకి వేరే తూకాలు ఉన్నాయి. గౌతమ మహర్షి న్యాయసూత్రాలు మాటల పోరును మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం, ఇందులో మాట మెలికలూ పక్కదారులూ పనికొస్తాయి. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి పక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకున్నది వితండం. మనం వితండవాదాన్ని మాత్రం ఇంటింటా వాడుకలో నిలుపుకున్నాం, జల్పాన్ని వదులుకున్నాం. జల్పించడం అంటే ఏదేదో వాగడం అనే అర్థానికి దిగజారిపోయింది. అసలు మనకు ఎక్కువగా అవసరమైనది ఆ మధ్య మాటే. సమావేశాల్లో, టీవీ చర్చల్లో, భోజనాల బల్ల దగ్గర జరిగేది చాలావరకు జల్పమే. గెలవాలన్న ఆ కోరికకే జిగీష అని పేరు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో జయం కోరే రాజును విజిగీషువు అన్నాడు. జిగీషలో చెడేమీ లేదు, రాజుకైతే అది వృత్తిధర్మం. జిగీషను జిజ్ఞాస అని చెప్పుకుంటేనే చిక్కు.

ఈ మాటలన్నిటిలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది 'ఉడుకుమోతు'. పండితులు దీన్ని పెద్దగా పట్టించుకోరు, పిల్లల మాట అనుకుంటారు. ఒకసారి బంధువుల పిల్లలు క్యారమ్స్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. చిన్నవాడు మొదట్లో దర్జాగా ఆడాడు. ఎర్రకాయ అవతలివాళ్ళకు పోగానే బోర్డు మీద పొడి చాల్లేదన్నాడు. పొడి వేశారు. స్ట్రైకర్ అంచు అరిగిందన్నాడు. మార్చారు. వెలుతురు కళ్ళలో పడుతోందన్నాడు. చోటు మార్చుకోనిచ్చారు. ఆఖరి కాయ కూడా పోయేసరికి చేతి అంచుతో బోర్డు మీద ఉన్న కాయలన్నిటినీ ఒక్క తోపు తోసి, "నేనసలు ఆడనే లేదు, ఊరికే ఆడా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్తకంఠంతో "ఉడుకుమోతు!" అన్నారు. వాడు ఇంకా ఉడుక్కున్నాడు. ఆ మాటలోని బలం అదే, చెప్పగానే నిజమవుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను వాడు అంచెలంచెలుగా నటించి చూపించాడు. పొడి నుంచి వెలుతురు దాకా ఒక్కో మద్దెలనూ పరీక్షించి మరీ.

ఉడుకుమోతుకు గెలుపు మీద ఆశ ఎక్కువని అనుకుంటాం. నిజానికి వాడికి ఓటమి అంటే భయం ఎక్కువ. ఆ రెండూ ఒకటి కావు. గెలుపు మీద ఆశ ఉన్నవాడు తనకన్నా గట్టివాడితో ఆడతాడు. ఓటమికి జడిసేవాడు తేలిగ్గా ఓడేవాణ్ణి వెతుక్కుంటాడు. పెద్దయ్యాక వీళ్ళు బోర్డు తొయ్యరు. నిబంధనలు మార్చమంటారు.

దూకుడు గురించి రెండు ముక్కలు. ఇది స్వభావమని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. నాకు తెలిసినంతలో ఇది తీరు, నేర్చుకోవచ్చు, మానుకోవచ్చు. పీవీ సింధు సహజంగా నెమ్మదస్తురాలు. ఆమె శిక్షకుడు పుల్లెల గోపీచంద్ ఆమెను కోర్టు మధ్య నిలబెట్టి గట్టిగా అరిపించిన సంగతి ఆయనే చెప్పారు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఆమె పాయింటు పాయింటుకూ అరుస్తూ ఆడింది. అవతల కరోలినా మారిన్ అంతకన్నా గట్టిగా అరిచింది. మొదటి గేమ్ సింధు 21-19తో గెలిచింది. తరువాతి రెండూ 21-12, 21-15తో మారిన్ పట్టుకుపోయింది. గెలిచిన మారిన్ కోర్టు మీద కుప్పకూలి ఏడుస్తుంటే సింధు అవతలి వైపు వెళ్ళి, ఆమెను దగ్గరకు తీసుకుంది, కింద పడి ఉన్న ఆమె రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది. ఆ దూకుడంతా ఆట వరకే కట్టుకున్న వేషమని అప్పుడు అర్థమైంది. వేషం అనడం తక్కువ చేయడం కాదు, అది వేసుకోవడానికి ఆమె ఎంత కష్టపడిందో గోపీచంద్‌కు తెలుసు.

ఇంతవరకు మాటలకూ స్వభావాలకూ లంకె వేసుకుంటూ వచ్చాను. వాడుకలో జరిగేది ఇంత నిజాయతీగా ఉండదు. మనం చాలాసార్లు మనిషిని చూసి మాట ఇవ్వం, ఫలితం చూసి ఇస్తాం. గెలిస్తే పట్టుదల, ఓడితే మొండితనం. వ్యాపారంలో నష్టం వచ్చినా కొనసాగించి చివరికి నిలదొక్కుకున్నవాడు పట్టు వదలని విక్రమార్కుడు. అచ్చంగా అంతే చేసి దివాలా తీసినవాడు జగమొండి, చెబితే విన్నాడు కాదు. దివాలాకు ముందు రోజు వరకూ ఇద్దరిలో ఏ తేడా ఉందో ఎవరైనా చెప్పగలరా?

భారతం చూడండి. రాజసూయం తరువాత పాండవుల వైభవం చూసి ఉడికిపోయిన దుర్యోధనుడికి ఈర్ష్య, అసూయ, మాత్సర్యం అన్నీ కట్టబెట్టాం. న్యాయమే. విద్యాప్రదర్శనలో అర్జునుడు చూపినవన్నీ నేనూ చూపిస్తానని ముందుకొచ్చిన కర్ణుడికి కాస్త సానుభూతితో పౌరుషం ఇచ్చాం. మరి ఏకలవ్యుడి విలువిద్య చూసి తట్టుకోలేక గురువు దగ్గరికి వెళ్ళి, నీ శిష్యుల్లో నన్ను మించినవాడు ఉండడని అన్నావే, ఇదేమిటి అని ఏకాంతంలో అడిగినవాడు ఎవరు? అర్జునుడే. ఆ ప్రశ్న ఖరీదు ఏకలవ్యుడి బొటనవేలు. అమరకోశం ప్రకారం అది అక్షాంతి. తెలుగు ఉపన్యాసాల్లో అర్జునుడి పేరు పక్కన ఈర్ష్య అన్న మాట నేను దాదాపు వినలేదు. ఆయనకు ఏకాగ్రత ఉంటుంది, దీక్ష ఉంటుంది. వేలు పోయినవాడికి గురుభక్తి ఉంటుంది.

స్త్రీల విషయంలో మాటల పంపకం ఇంకా అన్యాయం. పౌరుషం అనే మాట పుట్టుకే పురుషుడి నుంచి. ఆ గుణం ఆడవాళ్ళలో కనిపిస్తే ఏమనాలో తెలియక భాష కాసేపు తడబడి, చివరికి 'మొండిఘటం', 'పంతగత్తె', 'మగరాయుడు' అని ఏదో ఒకటి అంటించేస్తుంది. నేను దిద్దే రచనల్లో ఇది పదే పదే కనిపిస్తుంది. పెద్ద పదవికి ఎదిగిన మగవాడి పరిచయంలో 'ఎవరికీ తలవంచని ధీశాలి' అని ఉంటుంది, అదే పదవిలోని ఆవిడ పరిచయంలో 'తాననుకున్నది సాధించేదాకా నిద్రపోని మొండి మనిషి' అని. రాసినవాళ్ళు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. మొండి అన్న మాటను ముద్దుగా వాడామంటారు. ఆ ముద్దు మగవాళ్ళ మీద ఎందుకు చూపరని అడిగితే మాత్రం జవాబుండదు. ఈ ఒక్క సందర్భంలో పోటీతత్వమే నయమని నాకూ అనిపించిన రోజులున్నాయి. బోలుదే అయినా అందరికీ ఒకే కొలత.

ఆ మాటను వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పేది కూడా ఇదే. మంచీ చెడూ అంటని తటస్థమైన మాట ఒకటి ఉండాలి కదా, ప్రతి మాటా తీర్పు చెప్పేస్తే ఎలా అంటారు. వాదన వినడానికి బాగుంది. కానీ పోటీ అనేది బయటి పరిస్థితి, దానికి మనిషి స్పందించే తీరు లోపలిది. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్, సైకిల్ పందేల్లో ఒంటరిగా తొక్కేవారికన్నా తోడుగా మరొకరు ఉన్నవారు వేగంగా తొక్కుతున్నారని గమనించి, పిల్లల చేత గాలపు దారం చుట్టే చక్రాలు తిప్పించి చూశాడు. పక్కన మరొకరు తిప్పుతుంటే కొందరు పిల్లలు పుంజుకున్నారు. కొందరు కంగారుపడి చెయ్యి తడబడి వెనకబడ్డారు. కొందరికి పక్కన ఎవరున్నా ఒకటే. పోటీ అందరికీ ఒకటే పెట్టాడు, పిల్లలు మూడు రకాలుగా తేలారు. ఈ ముగ్గురిలో పోటీతత్వం ఎవరిది? వెనకబడ్డవాడికే గెలవాలన్న ఆత్రం అందరికన్నా ఎక్కువ ఉందేమో! తటస్థంగా ఉందామని పట్టుకున్న మాట చివరికి అసలు ప్రశ్ననే దాటవేస్తుంది.

తీర్పు చెప్పని మాటలు కావాలంటే మనిషి గుణాన్ని వదిలి ఇద్దరి మధ్య సంబంధాన్ని చెప్పే మాటలు తీసుకోవచ్చు. అవి తెలుగులో నిక్షేపంగా ఉన్నాయి. ఉజ్జీ, దీటు, సాటి. 'అతనికి సరైన ఉజ్జీ' అంటే ఇద్దరి బలం తెలిసింది, ఎవరి బుద్ధి ఎలాంటిదో మనం అనలేదు. సాటి అన్న మాటలో ఇంకో అందం ఉంది. సాటిలేనివాడు అంటే పోటీ లేనివాడు, సాటి మనిషి అంటే మనలాంటివాడు. ఎదురు నిలిచేవాడికీ పక్కన నిలిచేవాడికీ ఒకటే మాట. 2021 టోక్యో ఒలింపిక్స్ హైజంప్‌లో ముతాజ్ బర్షిమ్, జాన్‌మార్కో తంబేరి ఇద్దరూ 2.37 మీటర్లు దాటారు, 2.39 దగ్గర ఇద్దరూ మూడేసి సార్లు తప్పారు. విజేతను తేల్చడానికి మళ్ళీ దూకమని అధికారి చెప్పబోతుంటే, రెండు బంగారు పతకాలు ఇవ్వవచ్చా అని బర్షిమ్ అడిగాడు. ఇవ్వవచ్చన్నాడాయన. తంబేరి ఎగిరి బర్షిమ్ మెడ పట్టుకుని వేళ్ళాడాడు. కొందరు దీన్ని పోటీతత్వానికి మచ్చ అన్నారు, తేల్చుకోకుండా పంచుకోవడమేమిటని. నా లెక్కలో అది సాటి అన్న మాటకు రెండర్థాలూ ఒకేసారి కుదిరిన సందర్భం.

మార్కెట్ల గురించీ కంపెనీల గురించీ రాసేటప్పుడు పోటీతత్వం అంటే నేను అడ్డుచెప్పను. ధరలు తగ్గించుకునే రెండు సంస్థలకు రోషమూ ఉండదు, ఉక్రోషమూ ఉండదు. వాటికి బోలు మాటే సరిగ్గా సరిపోతుంది. మనుషుల గురించి రాసేటప్పుడే నా పేచీ. ఆ మధ్య తెలిసినవాళ్ళ అమ్మాయి ఉద్యోగ దరఖాస్తు చూసిపెట్టమని తెచ్చింది. బలాలు అన్న చోట 'పోటీతత్వం' అని రాసుకుంది. దాని కింద ఏముందో చెప్పమన్నాను. కళాశాలలో తనకన్నా బాగా ప్రోగ్రాములు రాసే స్నేహితురాలు ఉండేదట. ఆమె రాసినవి అడిగి తెచ్చుకుని రాత్రిళ్ళు విప్పదీసి చూసేదట, ఒక్కోసారి తప్పులు పట్టి ఆమెకే చూపించేదట. ఆ స్నేహితురాలు వేరే చోటికి వెళ్ళిపోయాక ఆరునెలల పాటు ఏదీ రాయబుద్ధి కాలేదంది. "అదే రాయమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, ఆన్‌లైన్ దరఖాస్తులో ఆ గడికి ఇరవై అక్షరాలే ఇచ్చారంది.